నెట్టు కట్టకముందు మూడు వారాలు: తిరుపతిలో వాలీబాల్ నేర్చుకున్న తీరు

మొదటి మూడు వారాలు మాకు నెట్టు కట్టలేదు. పొద్దున ఆరింటికి యూనివర్సిటీ గ్రౌండ్‌కి వచ్చిన కొత్తవాళ్ళందరికీ అదే మొదటి నిరాశ. వాలీబాల్ అనగానే అందరి కళ్ళముందూ మెదిలేది ఎగిరి కొట్టే స్మాష్. నెట్టు కనబడితే చాలు, చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. వంగి బంతిని అందుకోవడం అనే అసలు పని మూలన పడుతుంది. అందుకే పోల్స్ రెండూ ఊరికే నిలబడి ఉండేవి, మేము వాటి మధ్య వంగడం, పక్కకి జరగడం, లేవడం, మళ్ళీ వంగడం. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ నోట ఒకటే మాట: "చేతులు తర్వాతప్పా, ముందు కాళ్ళు రావల్ల."

ఆ మాట అర్థం కావడానికి పది రోజులు పట్టింది. వాలీబాల్‌లో బంతిని పట్టుకోకూడదు. తాకిన క్షణమే అది చేతిని వదిలిపోవాలి. క్యాచ్ పట్టి, నిలదొక్కుకుని, చూసి విసిరే వెసులుబాటు ఈ ఆటలో లేదు. బంతి ఎటు పోవాలో, ఎంత ఎత్తుకి పోవాలో అది రాకముందే ఒంటికి తెలిసి ఉండాలి. బంతి దగ్గరికి ఆలస్యంగా చేరినవాడు చెయ్యి చాచి అందుకుంటాడు. చాచిన చేతికి తగిలిన బంతి ఎటైనా పోతుంది.

ఆ ఆలస్యానికి విరుగుడు, బంతికి ఇచ్చే ఎత్తు. కొత్తవాళ్ళ ఆటంతా దీని మీదే నడుస్తుంది కాబట్టి కొంచెం లెక్క చెబుతాను. చేతికి తగిలాక బంతి ఒక మీటరు పైకి లేస్తే, తిరిగి అదే ఎత్తుకి దిగడానికి సుమారు 0.9 సెకను పడుతుంది. అదే మూడు మీటర్లు లేస్తే దాదాపు ఒకటిన్నర సెకను. ఆ తేడాలో పక్కవాడు రెండు మూడు అడుగులు వేసి బంతి కిందికి చేరిపోతాడు. టీవీలో చూసి వేగంగా, తక్కువ ఎత్తులో పాస్ ఇవ్వబోయే కొత్త ఆటగాడు తన జట్టుకే టైము లేకుండా చేస్తున్నాడన్నమాట. మొదటి ఆరు నెలలూ అందించే ప్రతి బంతీ తలకి రెండు మూడు మీటర్ల పైదాకా లేవాలి.

కోర్టు సంగతి. పొడవు 18 మీటర్లు, వెడల్పు 9. మధ్యలో నెట్టు, నెట్టుకి అటూ ఇటూ 3 మీటర్ల దూరంలో అటాక్ లైను. గీతల వెడల్పు 5 సెంటీమీటర్లు; గీత కోర్టులో భాగమే, బంతి గీత అంచుని తాకినా లోపల పడ్డట్టే. సున్నంతో గీతలు వేసేటప్పుడు అందరూ చేసే పొరపాటు మూలలు సరిచూసుకోకపోవడం. 9 మీటర్లు కొలిచి, కంటి అంచనాతో పక్కకి తిరిగి మళ్ళీ 9 కొలుస్తారు. చివరికి కోర్టు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటుంది. సగం కోర్టు 9కి 9 చదరం కదా, దాని మూల నుంచి మూలకి 12.73 మీటర్లు రావాలి. ఒక తాడుకి ఆ కొలత దగ్గర ముడి వేసి పెట్టుకుంటే రెండు నిమిషాల పని.

కోర్టు ఉత్తర దక్షిణాలుగా ఉంటే పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా ఎవరి కళ్ళలోనూ నేరుగా పడవు. తిరుపతిలో ఉత్తరాన కొండలుంటాయి కాబట్టి మా కోర్టులో రెండు వైపులకీ పేర్లు వాటంతటవే వచ్చాయి: కొండ వైపు, రోడ్డు వైపు. నెట్టు ఎత్తు మగవాళ్ళకి 2.43 మీటర్లు, ఆడవాళ్ళకి 2.24. ఎత్తు చివర్లలో కొలిస్తే మోసపోతాం. మధ్యలో నెట్టు జారుతుంది, కొలవాల్సింది అక్కడే. ఒక వెదురు కర్రకి రెండు గుర్తులు గీసుకుని గ్రౌండ్‌లోనే ఉంచుకుంటే సరి. కొత్తవాళ్ళకి ఎవరైనా సరే మొదట 2.24 మీదే కట్టడం మంచిది.

బంతి చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, బరువు 260 నుంచి 280 గ్రాములు. గాలి ఒత్తిడి 4.3 నుంచి 4.6 పీఎస్ఐ మాత్రమే, ఫుట్‌బాల్‌కి కొట్టేదానికంటే బాగా తక్కువ. సైకిల్ షాపులో కొట్టిస్తే రాయిలా తయారవుతుంది. ముంజేతులు కమిలిపోయి, "వాలీబాల్ నొప్పి ఆట" అనుకుని మానేసేవాళ్ళలో సగం మంది నొప్పికి కారణం ఇదే అని నా అనుమానం. చేతి పంపు, పిన్ను కొనుక్కోవాలి. పిన్నుని తడి చేయకుండా గుచ్చితే లోపలి వాల్వు చిరుగుతుంది. నివియా, కాస్కో బంతులు ఊళ్ళో దొరుకుతాయి. పూర్తిగా రబ్బరుతో చేసినవి మట్టి నేలకి తట్టుకుంటాయి కానీ చేతికి గట్టిగా తగులుతాయి. నేర్చుకునేటప్పుడు పైన మెత్తటి తొడుగున్న బంతి, కాస్త ధర ఎక్కువైనా, తీసుకోవడమే మేలు.

ఇక అండర్ హ్యాండ్ పాస్, అంటే కలిపిన ముంజేతులతో కింద నుంచి బంతిని లేపి అందించడం. మూడు వారాలూ మేము చేసింది ఇదే.

నిలబడే తీరు ముందు. పాదాలు భుజాల కంటే కాస్త ఎడంగా, ఒక పాదం అరడుగు ముందుకి. మోకాళ్ళు వంగి, బరువు మునివేళ్ళ వెనకున్న ఉబ్బు మీద, మడమలు నేలని తాకీ తాకనట్టు. నడుము మాత్రమే వంచి కాళ్ళు నిటారుగా ఉంచేవాళ్ళకి పది నిమిషాల్లో నడుం పట్టేస్తుంది. చేతులు ముందే కలిపి పెట్టుకోకూడదు. కలిపిన చేతులతో పరిగెత్తలేం. బంతి దగ్గరికి చేరాకే కలపాలి.

కలిపే పద్ధతి: ఒక చేతిని వదులుగా పిడికిలి బిగించి, రెండో అరచేతిని దాని చుట్టూ వేసి, రెండు బొటనవేళ్ళూ పక్కపక్కనే సమానంగా కిందికి వంచాలి. బొటనవేళ్ళు కిందికి నొక్కితే మోచేతులు వాటంతటవే బిగుసుకుంటాయి, ముంజేతుల లోపలి భాగం పైకి తిరిగి చదునైన పలకలా తయారవుతుంది. బంతి తగలాల్సింది మణికట్టుకి అయిదారు సెంటీమీటర్ల పైన, ఆ పలక మీద. వేళ్ళలో వేళ్ళు పెనవేసి పట్టుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. పక్క నుంచి బంతి తగిలినప్పుడు విడిపించుకోలేక వేళ్ళు మెలి తిరుగుతాయి, దాన్ని మొదటి రోజే మాన్పించాలి.

బంతి వచ్చాక చేతులు ఊపకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. బంతిని కొట్టాలన్న కోరిక భుజాల్లో దాక్కుని ఉంటుంది. కింద నుంచి వచ్చే బలం మోకాళ్ళు లేవడంతో రావాలి, చేతులు ఆ లేపుతో పాటు కొద్దిగా కదిలితే చాలు. బంతి తగిలాక చేతులు భుజాల ఎత్తు దాటాయంటే ఊపారని అర్థం. ఎదురుగా వేగంగా వచ్చే సర్వీస్‌కైతే అదీ అక్కర్లేదు. ఉన్న వేగాన్ని చంపడానికి చేతుల్ని కొంచెం వెనక్కి ఇవ్వాలి.

తప్పు ఎక్కడుందో బంతే చెబుతుంది. తల మీదుగా వెనక్కి పోయిందంటే చేతులు ఊపారు, లేదా తగిలే క్షణంలో మోచేతులు వంగాయి. తక్కువ ఎత్తులో బాణంలా ముందుకి పోయిందంటే చేతులు నేలకేసి మరీ నిలువుగా ఉన్నాయి; బంతి ఒంటికి బాగా దగ్గరగా, నడుము కింద తగిలింది. కుడికో ఎడమకో పోయిందంటే ఒక ముంజెయ్యి రెండోదానికంటే ఎత్తుగా ఉంది, బొటనవేళ్ళు చూసుకోండి, ఒకటి ముందుకి జరిగి ఉంటుంది. టప్‌మని బొటనవేలి ఎముక మీద పడి చచ్చుబడిందంటే బంతి కిందికి ఆలస్యంగా వచ్చారు. ఈ నాలుగూ తెలిస్తే పక్కన కోచ్ లేకపోయినా సగం దిద్దుకోవచ్చు.

మా సాధన ఇలా సాగింది. మొదటి వారం జోడీలు: ఒకరు మూడు మీటర్ల దూరం నుంచి రెండు చేతులతో నెమ్మదిగా విసిరితే ఇంకొకరు అందించడం, యాభై చొప్పున రెండు విడతలు. రెండో వారం దూరం ఆరు మీటర్లు, విసిరేది కుడికో ఎడమకో రెండడుగులు అవతలికి. జరిగేటప్పుడు కాలి మీద కాలు వేయకుండా పక్క అడుగులతో జరగాలి, బంతి తగిలేలోపు ఆగిపోవాలి. జరుగుతూ తాకిన బంతి మనం జరిగిన దిక్కుకే పోతుంది. మూడో వారం విసరడం లేదు, ఇద్దరూ అండర్ హ్యాండ్‌తోనే ఆపకుండా. ఇరవై దాటితే నెట్టు కడతామన్నారు. మా బ్యాచ్‌లో మొదటి జోడీకి ఇరవై దాటింది పద్దెనిమిదో రోజున. మొదటి వారం ముంజేతుల మీద ఎర్రటి చుక్కలు, మంట మామూలే, వాటంతటవే తగ్గుతాయి. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే నయం.

సర్వీస్ మాత్రం రెండో వారంలోనే మొదలైంది, అది ఒక్కడి పని కాబట్టి. అండర్ హ్యాండ్ సర్వీస్‌కి ఎడమ కాలు ముందు (కుడిచేతివాళ్ళకి), బంతి ఎడమ అరచేతిలో నడుము ఎత్తున, కుడి భుజానికి ఎదురుగా. ఎగరేయడం అరడుగు కూడా అక్కర్లేదు, కానీ కొట్టే ముందు బంతి చేతిని వదలాలి. అరచేతిలో మణికట్టుకి ఆనుకున్న గట్టి భాగంతో కొట్టాలి. నెట్టు ఇంకా లేదు కాబట్టి పోల్స్ వరసకి ఆరు మీటర్ల నుంచి మొదలుపెట్టి, పదిలో ఎనిమిది దాటితే ఒకటిన్నర మీటరు వెనక్కి, చివరికి 9 మీటర్ల గీతకి.

పై నుంచి వేసే సర్వీస్‌లో గెలుపోటములు ఎడమ చేతిలో ఉంటాయి. బంతిని ఎగరేసే తీరు రోజుకో రకంగా ఉంటే సర్వీస్ కూడా రోజుకో రకంగానే ఉంటుంది. కొట్టే భుజానికి ఎదురుగా, ఒక అడుగు ముందు, తిరగకుండా, చెయ్యి చాచితే అందే ఎత్తుకి కాస్త పైదాకా. వెనక్కి ఎగరేస్తే బంతి ఆకాశానికి లేచి బయట పడుతుంది, మరీ ముందుకి ఎగరేస్తే నెట్టులోకి. మణికట్టు బిగించి, బంతి నడి మధ్యలో కొట్టి, చెయ్యి అక్కడే ఆపేస్తే బంతి తిరగకుండా పోతుంది. తిరగని బంతి గాల్లో ఊగుతుంది, అందుకునేవాడికి చివరి క్షణం దాకా అంతు చిక్కదు. విజిల్ పడ్డాక 8 సెకన్లలో వేయాలి, కొట్టేలోపు పాదం గీతని తాకకూడదు. నెట్టుకి తగిలి అవతల పడితే అది మంచి సర్వీసే. ఇక ఆషాఢం గాలి మొదలయితే అన్ని లెక్కలూ మారతాయి. పడమర నుంచి వీస్తుంది కాబట్టి కొండకేసి తిరిగి వేసినవాడి బంతి కుడికి జారుతుంది. ఎడమ మూలకి గురిపెడితే మధ్యలో పడుతుంది.

ఫింగర్ పాస్, మా పక్క లిఫ్ట్ అంటారు, ఇది నాలుగో వారం. గోళ్ళు కత్తిరించుకుని, ఉంగరాలు తీసేసి రావాలి. నుదుటికి ఒక జానెడు పైన రెండు చేతులూ తెరిచి, బొటనవేళ్ళు, చూపుడువేళ్ళ మధ్య త్రికోణంలోంచి బంతిని చూడాలి. బొటనవేళ్ళు మన కళ్ళకేసి చూడాలి. బంతికేసి చూపిస్తే బెణికేది అవే. బంతి పది వేళ్ళ కొసల మీద పడి, మోకాళ్ళూ మోచేతులూ ఒకేసారి సాగుతూ లేపాలి. చప్పుడు వినండి: టప్‌మంటే అరచెయ్యి తగిలింది, చప్పుడు లేకుండా లేస్తే వేళ్ళు పనిచేశాయి. మరీ మెత్తగా చేయబోయి ఒక్క క్షణం ఆపితే పట్టుకున్నట్టు లెక్క, ఒక చేతికి ముందు, రెండో చేతికి తర్వాత తగిలితే డబుల్, అంటే రెండుసార్లు తాకిన తప్పు. ఇంటి దగ్గర గోడకి అడుగు దూరంలో నిలబడి రోజూ వంద చేసినవాళ్ళు మూడు వారాల్లో తేలికపడ్డారు. దీనికి దగ్గర దారి నాకు కనబడలేదు. కొట్టేవాడి కోసం లేపేటప్పుడు నెట్టు పైన ఇంకో ఒకటిన్నర మీటరు ఎత్తు, నెట్టుకి కనీసం అర మీటరు ఇవతల. నెట్టుకి అంటుకుపోయిన లిఫ్ట్ వల్ల కొట్టేవాడి చెయ్యి నెట్టుకి తగిలి పాయింటు పోతుంది. తిట్లు మాత్రం కొట్టినవాడికి పడతాయి.

ఆరుగురు నిలబడ్డాక అసలు గందరగోళం. విడివిడిగా అన్నీ వచ్చినవాళ్ళు కూడా కోర్టులో బొమ్మల్లా నిలబడిపోతారు. చోట్లకి అంకెలున్నాయి: వెనక కుడి మూల 1, అక్కడివాడే సర్వీస్ వేస్తాడు. ముందు కుడి 2, ముందు మధ్య 3, ముందు ఎడమ 4, వెనక ఎడమ 5, వెనక మధ్య 6. అవతలివాళ్ళ సర్వీస్‌లో మనం పాయింటు గెలిచినప్పుడే గడియారం తిరిగే దిక్కున ఒక్కో చోటు జరగాలి, 2లో ఉన్నవాడు 1కి వచ్చి సర్వీస్ వేస్తాడు. మన సర్వీస్‌లోనే పాయింటు గెలిస్తే ఎవరూ జరగరు. కొత్తవాళ్ళు ప్రతి పాయింటుకీ జరిగిపోతారు, లేదా అసలు జరగరు. ఊళ్ళో సరదాగా ఆడేటప్పుడు ఎవరి చోటు వాళ్ళదే అన్నట్టు ఆడిన అలవాటు ఇక్కడ అడ్డొస్తుంది.

లెక్కలోనూ పాత కొత్తా కలుస్తాయి. 1999కి ముందు నేర్చుకున్న పెద్దవాళ్ళకి సర్వీస్ ఉన్నవాళ్ళకే పాయింటు, సెట్టు 15కి. ఇప్పుడు ఎవరి సర్వీస్ అయినా ప్రతి ర్యాలీకీ పాయింటు, సెట్టు 25కి, అయిదో సెట్టు మాత్రం 15కి, రెండు పాయింట్ల తేడా తప్పనిసరి. సాయంత్రం పెద్దవాళ్ళతో ఆడే ముందు ఏ లెక్కో తేల్చుకోకపోతే ఆట కంటే వాదన ఎక్కువసేపు నడుస్తుంది.

సర్వీస్ అందుకునేటప్పుడు మేము నిలబడింది ఇలా: 3లో ఉన్నవాడు లిఫ్టర్, నెట్టు దగ్గరే ఉంటాడు, సర్వీస్ అందుకోడు. 4, 2లో ఉన్నవాళ్ళు నాలుగైదు మీటర్లు వెనక్కి వస్తారు, 6లో ఉన్నవాడు వాళ్ళకి మధ్యలో, 5, 1లో ఉన్నవాళ్ళు ఇంకా వెనక, ఒకరి వెనక ఒకరు కాకుండా సందుల్లో. ఎవరు చూసినా ముందున్న సందులోంచి అవతలి సర్వర్ కనబడాలి, అదే గుర్తు. లిఫ్టర్ ఎవరైనా 3లోకి వచ్చినవాడే. అందరికీ లిఫ్ట్ చేయడం వస్తుంది, ఎవరికీ తప్పించుకునే దారి ఉండదు. నేర్చుకునేటప్పుడు ఇదే మంచి పద్ధతి.

పాయింట్లు ఎక్కువగా పోయేది ఇద్దరి మధ్య పడ్డ బంతులకి. ఇద్దరూ చూస్తారు, ఇద్దరూ మర్యాదకి ఆగుతారు, బంతి నేల మీద పడుతుంది. మందు నోరే. బంతి నెట్టు దాటకముందే "నాదీ!" అని అరవాలి. "నీదీ" అనడం నిషేధం, ఎందుకంటే ఎవరిని అన్నారో ఎవరికీ తెలియదు. బయటికి పోయే బంతికి పక్కవాడు "వదిలెయ్!" అనాలి, ఆడేవాడికి గీత కనబడదు. సిగ్గుపడి అరవనివాళ్ళ చేత సార్ గ్రౌండ్ చుట్టూ అరుస్తూ పరుగు పెట్టించేవారు. మార్నింగ్ వాక్‌కి వచ్చినవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

ఇంకో జబ్బు, తన పని అయిపోయిందని నిలబడిపోవడం. బంతి అందించినవాడు, లిఫ్ట్ చేసినవాడు కొట్టేవాడి వెనకకి చేరాలి. బ్లాక్ (నెట్టు మీద అడ్డుపెట్టిన అవతలివాళ్ళ చేతులు) తగిలి బంతి తిరిగొచ్చి సరిగ్గా అక్కడే పడుతుంది. అవతలికి పంపాక అందరూ తమ చోటికి వెనక్కి రావాలి. బంతిని అవతలికి పంపేలోపు జట్టుకి ఉన్న మూడు తాకిళ్ళూ వాడుకోవాలి. భయంతో మొదటి తాకుకే అవతలికి తోసేసే జట్టు కొంతసేపు గెలుస్తుంది, ఆట మాత్రం రాదు. మేము ఒక కాగితం మీద ప్రతి పది సర్వీస్‌లకీ లిఫ్టర్ రెండడుగుల్లో అందుకోగలిగిన పాస్‌లు ఎన్నో రాసుకునేవాళ్ళం. రెండో నెల మొదట్లో అది మూడు, చివరికి ఆరు. ఆరు దాటాకే స్మాష్ నేర్పారు. పాస్ లేకుండా లిఫ్ట్ లేదు, లిఫ్ట్ లేకుండా కొట్టడానికి బంతే లేదు.

స్మాష్‌కి కుడిచేతివాళ్ళ అడుగులు ఎడమ, కుడి, ఎడమ. మొదటిది చిన్నది, రెండోది పెద్దది, మూడోది వెంటనే పక్కన చేరేది. చివరి రెండడుగుల్లో చేతులు రెండూ వెనక్కి పోయి, ఎగిరేటప్పుడు ముందుకి ఊగాలి. బంతి పైకి లేస్తుండగానే పరిగెత్తేస్తారు, అదే అందరి తప్పు. బంతి శిఖరానికి చేరాక కదలాలి, ఆగి చూసే ఓపిక ఎగరడం కంటే కష్టం. బంతి తలకి ముందు, కొట్టే భుజానికి ఎదురుగా ఉండాలి. తల పైకి వచ్చేసిందంటే తొందరపడ్డారు. దిగేటప్పుడు రెండు పాదాల మీదా, మోకాళ్ళు వంచి. వెనక వరసవాడు అటాక్ లైను ముందు నుంచి ఎగిరి నెట్టు పై ఎత్తులో ఉన్న బంతిని కొట్టి పంపితే ఫౌల్. భుజం కొత్తది కాబట్టి రోజుకి ముప్పై నలభై దెబ్బలు చాలు. బ్లాక్ అంటే చేతులు ఊపకుండా నిటారుగా ఎగిరి నెట్టు మీదుగా చాచడం. బ్లాక్‌కి తగిలింది మూడు తాకుల్లో లెక్కలోకి రాదు. దీని గురించి మొదటి నాలుగు నెలల్లో ఇంతకంటే అక్కర్లేదు.

దెబ్బల్లో ఎక్కువ చూసింది చీలమండ బెణుకు, అదీ నెట్టు కింద అవతలివాడి పాదం మీద దిగడం వల్ల. పాదం పూర్తిగా మధ్యగీత దాటితే ఫౌల్ అన్న నియమాన్ని సరదా ఆటలో కూడా వదలకూడదు. వేలు బెణికితే లాగకూడదు. ఐసు పెట్టి పక్కవేలితో కలిపి టేపు చుట్టాలి. వాపు తగ్గకపోయినా, వంకరగా కనబడినా ఎక్స్‌రే తీయించాలి.

ఎండాకాలంలో మా బ్యాచ్ అయిదున్నరకే మొదలై ఏడుంపావుకి ముగిసేది. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటాక ఆ మట్టి మీద నిలబడలేం. ముందు రోజు సాయంత్రం కోర్టు తడిపి పెడితే పొద్దుటికి దుమ్ము లేవదు. పొద్దున తడిపితే జారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి కోర్టు బురద అవుతుంది. తడిసిన తోలు బంతి బరువెక్కి కుట్లు వదులవుతాయి కాబట్టి ఆ రోజుల్లో పాత రబ్బరు బంతి ఒకటి తీసి, స్టేడియం గ్యాలరీ కింద గోడకి లిఫ్ట్ వంద, అండర్ హ్యాండ్ వంద.